చేయి అందినంత దూరం

జూన్ 8, ఆదివారం

చర్చి ఆరాధన నుంచి వచ్చేసరికి తమ్ముడు భోజనాల బల్ల మీద కోట పటం పరిచి ఉంచాడు. ఇన్నాళ్లు చూసి నాకు అర్థమైంది ఇంతే - వాడు కథ చెబుతాడు, మిగతావాళ్లు తలా ఒక మనిషై ఆ కథలో నడుస్తారు, గెలుపూ చావూ ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

తమ్ముడి దోస్తు సలీం వచ్చాడు, లాడ్ బజార్‌లో గాజుల కొట్టు మామకి అప్పజెప్పి. స్వప్న వచ్చింది, తమ్ముడి ఆఫీసు అమ్మాయి.

చెల్లెలు విమల తన గదిలోంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. దాని భర్త రత్నం పోయాక, జల్‌పల్లి ఇంటికి తాళం వేసి దాన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాక... ఇదే మొదటిసారి.

స్వప్న పెన్సిల్ జరిపింది.

ఆటలో విమల వైద్యురాలట. తలా ఒక శక్తి రాసుకోవాలట. అది రాసుకున్నది - "నా చేయి అందినంత దూరంలో ఎవరూ చనిపోరు." పాచికతో పని లేదు.

తమ్ముడు నా వైపు చూశాడు. ఉండనీ అన్నట్టు తలూపాను. రత్నం హాల్లో పడిపోయినప్పుడు విమల వంటింట్లో ఉంది. మధ్యలో ఒక్క గోడ.

జూన్ 9

విమల రెండు రొట్టెలు తింది. స్తోత్రం.

జూన్ 12

పొద్దున కిటికీ తెరిచింది, తనంతట తనే. గల్లీలో కూరగాయల బండివాడితో బేరం కూడా ఆడింది. నేను లోపలే ఉండిపోయాను. కదిలితే ఆగిపోతుందేమోనని.

జూన్ 15, ఆదివారం

సలీం కత్తి వీరుడు. బురుజు మీంచి పడ్డాడు - విమల చేయి చాచి "లే" అంది - లేచాడు. బాణం దిగింది - లేచాడు. మంటల్లో కాలాడు - లేచాడు.

"ఆపా ఉండంగ నాకేం ఫికర్! కండ్లు మూస్కొని దుంకుత." విమలని అక్కా అనే బదులు ఆపా అంటాడు.

అందరూ నవ్వారు. విమల కూడా. ఎన్నాళ్లకు.

నాలుగింటికి స్వప్న ఫోన్ చూసుకుంటోంది. సలీం తన వంతు వచ్చినా లేవకుండా పాచిక ఎటో విసిరేశాడు. పోయేటప్పుడు మెట్ల మీద తమ్ముడితో - "భాయ్, బురా అనుకోకు. మజా వస్తలేదు. నేనెట్లైన చావను గద, ఇగ కత్తెందుకు నాకు?"

విమల వినలేదు. నేను విన్నాను.

జూన్ 17

తమ్ముడు - "పెద్దక్కా, చిన్నక్క శక్తి మరీ ఎక్కువైంది. నేను చెప్తే ఏడుస్తది. నువ్వు చెప్పు."

అమ్మ పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఏ లొల్లికైనా ఆఖరి మాట నాది. విమలని అడిగితే అదీ అంతే అంది - "అక్క ఎట్లంటె గట్లనే."

ఎక్కువో తక్కువో ఎట్లా చూస్తారురా అని అడిగాను. ఒకే పోరు రెండుసార్లు ఆడతారట, ఆ శక్తి లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి. గెలిచిందెవరని చూడకూడదట. మిగతావాళ్లకి చేసే పని మిగిలిందా లేదా, అదే చూడాలట.

ప్రార్థనలో చాలాసేపు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు.

జూన్ 22, ఆదివారం

మొదటిసారి, శక్తి లేకుండా. వంతెన మీద రాక్షసుడు. సలీం "యా అల్లా" అని పాచిక వేశాడు. స్వప్న వాడి కుర్చీ వెనక నిలబడింది. తమ్ముడి గొంతు మారింది. సలీం మనిషి చచ్చాడు. విమల ముఖం నేను చూడలేకపోయాను.

రెండోసారి, శక్తితో. చాయ్ మరగకముందే అయిపోయింది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

ఎక్కువే. నాకు స్పష్టంగా కనబడింది.

చెప్పాను. "విమలా, శక్తి ఉంచుకో. కానీ పాచిక వెయ్యాలి."

"తప్పితే?"

"పోతారు."

"మరి నేను పక్కన ఉండి ఏం ఫాయిద అక్కా?"

"రూల్ అందరికీ ఒకటే కదే" అన్నాను.

శక్తి రాసుకున్న కాగితం నాలుగు మడతలు పెట్టింది. లేచి వెళ్లింది. తలుపు వేసుకుంది.

జూన్ 23

అన్నం ముట్టలేదు. కిటికీ మూసి ఉంది.

జూన్ 25

అది నన్ను ఆట గురించి అడగలేదు. తెలిసీ ఆట గురించే జవాబిచ్చాను. తీర్పు తప్పు కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. కానీ తీర్పు చెప్పిన నోటితోనే ఇంకొక్క మాట చెప్పవలసింది. నువ్వు వంటింట్లో కాక హాల్లోనే ఉన్నా రత్నం... అని.

నాకు చేతకాలేదు. ప్రభువా, నాకు మాట ఇయ్యి.

జూన్ 27

గల్లీలో బోనాల లైట్లు కడుతున్నారు. విమల గది చీకటి. టీ పెట్టి వచ్చాను. చల్లారాక వెనక్కి తెచ్చాను.

జూన్ 29, ఆదివారం

తమ్ముడు పటం తీయలేదు. "బంద్ పెడదాం పెద్దక్కా." స్వప్న చెప్పులు వేసుకుంటోంది.

సలీం వెళ్లి విమల తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆపా, పాచిక తప్పితె తప్పనీయుండ్రి. చస్తె చస్త. గని మీరు పక్కన కూసోండ్రి. ఒక్కన్నే చచ్చుడంటె బాగుండదు."

తమ్ముడు బల్ల అంచు పట్టుకున్నాడు. తలుపు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో.

వచ్చింది. కూర్చుంది. జుట్టు దువ్వుకోలేదు.

మళ్లీ అదే వంతెన. సలీం మనిషి పడిపోయాడు. పదకొండు దాటితే లేస్తాడని తమ్ముడు మెల్లగా చెప్పాడు. పాచిక చేతిలో పెట్టాడు.

విమల పిడికిలి బిగించింది. వెయ్యదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒక్కరూ ఫోన్ ముట్టలేదు. సలీం రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఆ పిడికిలినే చూస్తున్నాడు.

"అక్కా, వెయ్యకపోతే?"

నాకు తెలియదు అన్నాను. నిజంగా తెలియదు.

తమ్ముడు పటం అట్లాగే వదిలేశాడు. పాచిక విమల చేతిలోనే ఉండిపోయింది.

జూన్ 30

బల్ల మీది పటం నేను తీయనివ్వలేదు. కింద కూర్చుని తిన్నాం. విమల కొంచెం తింది.

జూలై 1

మధ్యాహ్నం. విమల గదిలోంచి బండల మీద పాచిక దొర్లిన చప్పుడు. ఆగింది. మళ్లీ. మళ్లీ...

తలుపు దగ్గరికి వెళ్లాను. ఎంత పడిందని అడగలేదు. పక్కన కూర్చున్నాను.