వంటింటి వరకే ఇంటర్నెట్

చిన్నమ్మడూ,

నేను కులాసాగానే ఉన్నాను. ఫోనులో నా గొంతు నమ్మనని, మొహం చూస్తేగానీ మనసు కుదుటపడదని అన్నావు కదా, ఇంటర్నెట్ పెట్టించాను.

మన అపార్ట్‌మెంటు గోడల్లోని గొట్టాలు పాత టెలిఫోను తీగలతో బిగుసుకుపోయాయి. తీగ వేయడానికి వచ్చినాయన రెండు గంటలు తంటాలు పడి, "వీటిలో చీమ కూడా దూరదు మాస్టారూ. వంటింటి గోడకి కన్నం పెట్టడమొక్కటే దారి. అమ్మగారు ఏమీ అనరు కదా?" అన్నాడు.

మీ అమ్మ పోయి నాలుగు నెలలైందని ఆయనకేం తెలుసు? "ఏమీ అనదు, పెట్టండి" అన్నాను. అన్నానే గానీ, దుమ్ము పడకుండా పొయ్యి మీద పాత దుప్పటి కప్పాను.

ఇంటర్నెట్ పెట్టె అక్కడే బిగించాడు. గోడలు మందం కావడంతో సిగ్నలు వంటింటి గడప దాటడం లేదు. ముప్పై ఏళ్లు మీ అమ్మ పిలిచినా అటు తొంగిచూడనివాణ్ణి, ఇప్పుడు ఆవిడ పీట మీదే కూర్చుంటున్నాను.

అన్నట్టు, ఆవిడ డబ్బాల మీద పేర్లేవీ రాసిపెట్టలేదు. జీలకర్ర ఏదో సోంపు ఏదో వాసన చూసి చూసి తుమ్ములు పట్టుకున్నాయి. ఒక్కొక్కటీ తెరకి చూపిస్తాను, ఏది ఏదో చెప్పు. నీ దగ్గు తగ్గిందా? అల్లుడిగారి మోకాలు ఎలా ఉంది?

మీ ఇద్దరికీ, బుజ్జిదానికీ నా దీవెనలు. ఆదివారం పొద్దున పది గంటలకు వీడియో కాల్ చెయ్యి. వంటింట్లోనే ఉంటాను.

నాన్న