గడీ కింద బొగ్గు

ఏమయ్యా,

ఇవాళ నీ సంవత్సరీకం. ఊళ్లో నీ తమ్ముడు జరిపించాడు. నేను ఇక్కడ గల్ఫ్‌లో, సీబ్‌లో డ్యూటీకి వచ్చాను.

నేను చూసుకునే ఇంగ్లండ్ ముసలమ్మ తండ్రి కూడా నీలాగే బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయాడట. వాళ్ల ఊళ్లో బాయి, ఇళ్లు, పొలాలు అన్నీ ఒక్క దొరవే. తండ్రిని మట్టి చేసిన కొద్దిరోజులకే దొర మనిషి వచ్చి వాళ్లతో ఇల్లు ఖాళీ చేయించాడట.

పొద్దున ముసలమ్మకు ఆమె కూతురు ఫోన్లో ఒక ఫోటో చూపించింది. ఆ దొర గడీని కూల్చేస్తున్నారు. దొర ఆశకొద్దీ గడీ కింద బొగ్గు కూడా తవ్వించాడట. నేల కుంగి గోడలు పగిలాయి. నువ్వుంటే "మంచిగైంది" అని నవ్వేవాడివి.

"సంతోషమేనా మేడమ్?" అని అడిగాను.

ఇక్కడి పనివాళ్ల దగ్గర నేర్చుకున్న వచ్చీరాని హిందీలో, "మా అమ్మ ఉంటే సంతోషపడేది. నాకేమీ అనిపించడం లేదు" అంది.

నాకూ అంతే. పోయిన వారం నీ తమ్ముడు ఫోన్ చేసి, "వదినా, మీ క్వార్టర్ల లైనంత కూలగొట్టిన్రు. ఆడ పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బాయి వస్తదట" అన్నాడు. "అట్లనా" అని పెట్టేసి, బట్టలు ఆరేసుకున్నాను.

ఆ సంగతి, నువ్వూ బాయిలోనే పోయిన సంగతి ముసలమ్మకు చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, "డ్యూటీ నుంచి వచ్చి మీ ఆయన ఎక్కడ కూర్చునేవాడు?" అని అడిగింది.

"గడప బయట. స్నానం చేసేదాకా లోపలికి వచ్చేవాడు కాదు" అన్నాను.

ఈ ఏడాదిలో నీ గురించి పైకి మాట్లాడటం ఇదే మొదలు. ఏడుపేమీ రాలేదయ్యా. ఆమె కుర్చీ పక్కన కింద కూర్చుని, ఇంకా చెప్పాను.