సీడీల్లో నేనున్నా, నాకు ఆకు వేయండి

వచ్చే సోమవారం, 22వ తేదీన, బెంగళూరులో నా గుండెకు ఆపరేషన్. తిరిగి రాకపోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పినారు. అందుకే ఇప్పుడే రాయాలి.

పాతపాళ్య రామాంజినప్ప, కెంపమ్మల కూతురు నేత్ర అనే నేను, వయసు ఇరవై ఆరు, చిక్కబళ్ళాపురలో డి.టి.పి. పని చేసుకునేదాన్ని, గుండె బలహీనమైనా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. చదివింది కన్నడ బడిలో అయినా, అమ్మకు చదివి వినిపించాలని తెలుగులో రాస్తున్నాను. దీన్ని అమలు చేసే బాధ్యత మా హాస్టల్ వార్డెన్ యశోదమ్మగారిది.

1. నా చేతి గడియారం నాయనకు. "శెనక్కాయ పీకను చేతగాదు, బడికన్నా పోనీ" అని నన్ను చేర్పించింది ఆయనే. ఆ మాట మీద చాలా ఏళ్ళు కోపం ఉండేది. మా ఇంట్లో అందరికన్నా ముందు నేను బడికి పోయింది కూడా ఆ మాటవల్లనే కాబట్టి, సదరు కోపాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

2. నా పట్టుచీర అమ్మకు. పెట్టెలో దాచకూడదు, కట్టుకోవాలి.

3. కంప్యూటరు తమ్ముడు అమరేష్‌కు.

4. నా మాటల సీడీలు. మనిషి మనసును మిషన్లో నిలబెట్టే సైన్సు ఎప్పటికైనా వస్తుందని అమరేష్ నమ్మకం. అందుకని వేసవంతా నన్ను మైకు ముందు కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు, నవ్వు, తిట్లతో సహా రికార్డు చేసినాడు. "తిట్లు లేకుంటే అది నువ్వని ఎవురు నమ్ముతారక్కా?" అన్నాడు. అది జరుగుతుందో లేదో నాకు తెలియదు. జరిగితే బాగుండునని నాకూ ఆశే.

అయితే పోయినవాళ్ళకు పెద్దల అమావాస్యనాడు ఇష్టమైనవి వండి, అరిటాకులో పెట్టి, పేరు పెట్టి పిలిచి, ఆ తరువాతే మేము తింటాం. నాకు మాత్రం ఆకు వేయనని అమ్మ మొన్న తెగేసి చెప్పింది. "మిషన్లో నా బిడ్డ బతికుంటాదంటాండాడు వీడు. బతికుండేదానికి ఆకేస్తారా యాడన్నా?"

అమ్మా, సీడీల్లో ఉండేవి నా మాటలు. రేపు అవి లేచి మాట్లాడినా, నీ ఉలవల పులుసు కోసం ఆకలయ్యేది వాటికి కాదు, నాకు. నువ్వు ఏడ్చి, పిలిచి, అన్నం పెట్టకుంటే నేను ఇటూ కాక అటూ కాక పోతాను. కాబట్టి షరతు: ఆకు వేస్తానని అమ్మ మాట ఇస్తేనే సీడీలు అమరేష్‌కు చెందుతాయి. లేకుంటే యశోదమ్మగారు వాటిని విరిచేయాలి.

5. నేను బతికి ఇంటికొస్తే పైవన్నీ చెల్లవు. పులుసు మాత్రం పెట్టాలి, నా స్టీలు ప్లేటులో.

అమ్మా, శుక్రవారం 19వ తేదీలోపల, ఫోన్లో అయినా సరే, జవాబు చెప్పు. వేస్తానన్న మాట విని ఆసుపత్రికి పోవాలని ఉండాది.

చిక్కబళ్ళాపుర, 14 సెప్టెంబరు 2008

(సంతకం) ఆర్. నేత్ర

సాక్షులు:
ఆంజనేయప్ప, డి.టి.పి. సెంటర్ యజమాని
సుజాతమ్మ, హాస్టల్ వంటమనిషి