పద్దెనిమిదో కుర్చీ

మర్రిగూడ,
15 అక్టోబరు 2023, ఆదివారం.

మనస్విని నాన్నకు,

మీ మెర్సీ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నలుగురం బాగున్నాం. మామయ్యకు దగ్గు తగ్గింది. ఆ కొండల్లో చలి మొదలైందని రాశారు. సొరంగంలోకి దిగే ముందు కడుపునిండా తింటున్నారనీ, స్వెటర్ పెట్టెలోంచి తీశారనీ అనుకుంటున్నాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. పాపకు ముందుపన్ను ఊడింది. నవ్వమంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. వెనక గదిలో కారుతున్న రేకు మార్పించాం. అత్తమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. పత్తి ఏరడానికి పోవద్దంటే వినడం లేదు. "పొద్దందాక ఇంట్ల కూసుంటె నాకు పానం ఊకోదు" అంటుంది. ఆమె ఆ మాట అన్నప్పుడు నేను తల వంచుకుని పని చేసుకున్నాను.

ఆఫీసుకు పోవడం మొదలుపెట్టిన దానివి నెల తిరగ్గానే ఎందుకు మానేశావని కూడా అడిగారు. ఆదివారాలు మీరు ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టుకుని అందరం మాట్లాడతాం కదా, అక్కడ దానికి జవాబు చెప్పలేను. ఇప్పుడు వాళ్ళు ముగ్గురూ చర్చికి పోయారు. తలనొప్పి అని చెప్పి నేను ఇంట్లో ఉండిపోయాను. నాకు తలనొప్పి లేదు.

జూలైలో మా మేనేజర్ దివాకర్ సార్ నాకొక పని అప్పగించారు. కంపెనీకి హైదరాబాదులో ఉన్న రెండు అంతస్తుల్లో ఒకటి ఖాళీ చేస్తున్నారు. కరోనా నుంచి ఇళ్ళ దగ్గరే పని చేస్తున్న మా టీంలో నలభై మందిమి. మాకు మిగిలింది పద్దెనిమిది కుర్చీలు, అవి కూడా వారానికి మూడు రోజులే. మిగతా రోజులు వేరే టీం కూర్చుంటుంది. ఎవరు ఆఫీసుకు రావాలి, ఎవరు ఇంటి నుంచి చేయాలి, ఎందుకు అన్నది పేరు పేరునా రాసి ఇవ్వాలి. ఒకసారి ఖాయమైతే మార్చి దాకా అదే నడుస్తుంది.

మూడు రోజులు అందరికీ ఫోన్ చేశాను. రమకు మూడు నెలల బాబు, ఇల్లే కావాలంది. పోచంపల్లి నరేశ్ ఆఫీసు కావాలన్నాడు. "మా ఇంట్ల రెండు మగ్గాలున్నయి మేడం, ఫోన్ల నా మాటకంటె మగ్గం సప్పుడే ఎక్కువ ఇనవడ్తది" అన్నాడు. అలా ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను.

పర్వతాలు అనే అతన్ని మాత్రం అడగలేదు. చిట్యాల దగ్గరి అబ్బాయి. బీమా క్లెయిములు చూడడంలో అంత చురుకైనవాడు మా టీంలో ఇంకొకడు లేడు. మన దగ్గరి ఫ్లోరైడ్ నీళ్ళే వాళ్ళ ఊళ్ళోనూ. చిన్నప్పుడే మోకాళ్ళు వంగిపోయాయి, కర్ర పట్టుకుని నడుస్తాడు. కరోనాకు ముందు రోజూ బస్సులోనే వచ్చేవాడు. అతని పేరు ఇంటి వరుసలో రాసి, ఎందుకు అన్న చోట 'ఆరోగ్యం' అని పెట్టాను.

లిస్టు బయటికి వచ్చిన రోజే ఫోన్ చేశాడు.

"మేడం, నన్ను ఇంటికాడ ఎందుకు ఏసిన్రు?"

"నీ కాళ్ళ సంగతి చూసి పర్వతాలూ. ఆ బస్సుల తిప్పలు తప్పుతయి గదా."

"తిప్పలని నేనెప్పుడన్న చెప్పిన్నా? ఇంట్ల ఉంటె వచ్చినోళ్ళంత నా కాళ్ళ గురించే అడుగుతరు మేడం. ఆఫీసుల పని గురించి అడుగుతరు. జర మార్పియ్యున్రి."

"పైవాళ్ళు ఖాయం చేసిన్రు. నా చేతుల లేదు" అన్నాను.

"సరే మేడం" అని పెట్టేశాడు.

ఆగస్టు చివర నేను ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. కంపెనీ తప్పనిసరిగా రమ్మందని ఇంట్లో చెప్పాను. మీకూ అదే చెప్పాను. పొద్దున ఆటోలో మాల్ ఊరి దాకా, అక్కడి నుంచి బస్సు. రెండు గంటలు కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ నా పేరు పిలవకుండా పోయేదాన్ని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే పక్కనున్నవాళ్ళు ఇవాళ ఏం కూర అని అడిగేవాళ్ళు. సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ మూస్తే పని అయిపోయేది. అలా ఐదు వారాలు.

సెప్టెంబరు చివరి వారంలో దివాకర్ సార్ నన్ను గదిలోకి పిలిచారు. "పర్వతాలు రాజీనామా పెట్టిండు మెర్సీ. ఆరోగ్యం బాగలేక పోతుండని రాసుకుందాం. నీ లిస్టుల ఎట్లాగూ అదే కారణం ఉంది గదా" అన్నారు.

మీకు చెప్పాల్సింది ఇదే. కంపెనీ నన్ను రమ్మనలేదు. పదిహేడు పేర్లు న్యాయంగానే తేలాయి. పద్దెనిమిదో కుర్చీ పర్వతాలుది, అతని పనిని బట్టి అది ఎవరు చూసినా తెలిసేదే. ఆ కుర్చీలో నా పేరు నేనే రాసుకున్నాను. కాళ్ళు బాగాలేనివాణ్ణి ఇంట్లో ఉంచితే ఎవరూ ప్రశ్నించరని నాకు తెలుసు. అడిగితే రానంటాడేమోనన్న భయం కాదు, వస్తానంటాడని తెలిసే అడగలేదు.

ఎందుకు చేశానో కూడా చెప్తాను. మూడున్నరేళ్ళుగా నేను మన ముందుగదిలో బియ్యం డ్రమ్ముకూ గోడకూ మధ్య కూర్చున్నాను. కంప్యూటర్లో నా పేరు పక్కన పచ్చ చుక్క ఉంటుంది. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే పసుపు రంగుకు మారుతుంది, నేను లేనట్టు లెక్క. నేను బాత్రూంకు పోతే అత్తమ్మ వచ్చి మౌస్ కదుపుతుంది. "నువ్వు పోయిరా బిడ్డ, నేను సూస్త" అంటుంది. అంత మంచి మనిషి. ఊళ్ళో ఎవరికి పింఛను ఫారం నింపాలన్నా "మెర్సీ ఇంట్లనే ఉంటది గదా" అని వస్తారు. ఆఫీసువాళ్ళు చీకటి పడ్డాక ఫోన్ చేసి "ఇంట్లనే ఉన్నరు గదా" అంటారు. ఒక రోజు పాలప్యాకెట్ కోసం గేటు దాటితే ఎండకు కళ్ళు నిలవలేదు. ఆ గేటు దాటి పదకొండు రోజులైందని అప్పుడు లెక్క తేలింది. ఎవరూ నన్ను కట్టేయలేదు. అందుకే ఎవరితోనూ విడిపించమని చెప్పలేకపోయాను.

దివాకర్ సార్‌తో అక్కడే అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు లిస్టునే చూశారు. "ప్లాన్ మార్చి దాక మారదు. ఇంకో కుర్చీ లేదు. ఆయన రావాలంటే ఒకరు లేవాలె" అన్నారు. నేనే లేస్తానన్నాను. టీం ప్లాన్ ఇంక నాకు ఇవ్వరు. అది న్యాయమే.

పర్వతాలుకు ఫోన్ చేసి నిజం చెప్పాను. క్షమించమన్నాను. "రాజీనామ వాపసు తీసుకుంట. గనీ మేడం, ఇంగ మీరు నా గురించి ఏం రాసినా నాకు సూపించి రాయున్రి" అన్నాడు. క్షమించానని అనలేదు.

మళ్ళీ బల్ల ముందు కూర్చున్న మొదటి రోజు అత్తమ్మ టీ తెచ్చి పెట్టింది. "మంచిగైంది బిడ్డ, బస్సుల తిప్పలు తప్పినయి" అంది. పర్వతాలుతో నేనన్న మాటే. అప్పుడు ఆమెకు కూడా చెప్పాను, నేను కావాలనే పోయానని, ఇంట్లో నాకు ఊపిరాడడం లేదని. ఆమె నా మొహం చూసింది. "మేమేం తక్వ జేసినం?" అంది. ఏమీ తక్కువ చేయలేదని చెప్పాను. నమ్మలేదు. రెండు వారాలుగా నాతో ఎక్కువ మాట్లాడడం లేదు. మౌస్ మాత్రం కదుపుతూనే ఉంది.

మార్చిలో కొత్త ప్లాన్ వస్తుంది. అందులో ఆఫీసుకు వస్తానని నా పేరు మీదే, అందరి ముందే అడుగుతాను. దొరికితే వారానికి మూడు రోజులు పోతాను. పాప బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ ఇంట్లో ఉండాలి, అది నేను అడిగితే ఆమెకు ఇంకో గాయంలా తగులుతుంది. మీరు అడగండి. ఫోన్లో కాదు, ఆమె పేరున ఉత్తరం రాయండి, మామయ్య చదివి వినిపిస్తాడు. కోడలికి కష్టమొచ్చి కాదు, తనకే పోవాలని ఉంది కాబట్టి పోతుందని రాయండి.

అలా రాయడానికి మీకు మనసు ఒప్పకపోతే, ఒప్పడం లేదని నాకు రాయండి. అది భరిస్తాను. ఇంకొంచెం ఓపిక పట్టు అని మాత్రం రాయకండి.

వాకిట్లో పాప మాట వినబడుతోంది, వచ్చేశారు.

ఇట్లు,
మీ భార్య,
మెర్సీ