లాగొద్దన్న చేయి

అత్తయ్యగారికి మీ పెద్దకోడలి నమస్కారాలు.

మేం ముగ్గురం ఇక్కడ కులాసాగా ఉన్నాం. మీ మోకాళ్ళు మళ్ళీ మెట్లెక్కనిస్తున్నాయని చదివి మనసు కుదుటపడింది. మామయ్యగారి దగ్గు సంగతి రాయలేదు, తగ్గిందనే అనుకుంటాను. మనవరాలు అన్నం తింటోందా అని అడిగారు. తింటోంది గానీ నోటికి సగం, నేలకి సగం. ముందు పన్ను ఊడింది. దాన్ని మీకు పంపాల్సిందేనని ఒకటే పేచీ. కవరు చిరిగిపోతుందంటే నాతో మాటలు మానేసింది.

"ఇంత చదువులు చదివి సముద్రంలో చెత్త ఏరడమేమిటమ్మా? అవతలివాళ్ళ చెత్త అవతలివాళ్ళే ఏరుకోవాలి" అని కోప్పడ్డారు. దానికి జవాబు రాయాలని చాలాసార్లు కూర్చుని లేచాను. ఫోనులో చెబితే నా గొంతుని బట్టే సంగతి పట్టేస్తారు. అందుకే ఈ కాగితం.

నైలాను వల కూడా ప్లాస్టిక్కే అత్తయ్యా. తెగి నీళ్ళలో పడితే కుళ్ళదు, కరగదు. పట్టేవాడు లేకపోయినా అది పడుతూనే ఉంటుంది. అలాంటి వలల్ని తీయడానికే మూడు తీరాలవాళ్ళూ కలిసి ఈ పడవ నడుపుతున్నారు. మీ అబ్బాయిలాంటి వాళ్ళు కిందికి దిగి కోస్తారు. మాలాంటి వాళ్ళం పైన తాడు పట్టుకుంటాం. కిందివాళ్ళ కబురంతా ఆ తాడు కుదుపుల్లోనే. మొదట్లో మనకి రెండు కుదుపులంటే 'వదులు', అవతలి తీరంవాళ్ళకేమో 'పైకి లాగు'. దాని మీద పెద్ద రగడే అయింది. చివరికి అందరికీ ఒకటే పద్ధతి పెట్టుకున్నాం. ఒకరి భాషలో ఒకరం కాసిని మాటలు కూడా నేర్చుకున్నాం: లాగు, వదులు, ఆపు, తిన్నావా.

అవతలి తీరం నుంచి వచ్చిన ఒకామె ఉంది. గడప దాటాలంటే తల వంచాల్సిందే. అందుకని పడవలో అందరూ నిచ్చెనమ్మ అంటారు. అర్థం చెబితే తెగ నవ్వి, తనే ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది.

మూడు వారాల కిందట ఒక రాతిగుట్ట మీద వల చిక్కుకుందని తెలిసి వెళ్ళాం. పొద్దున్నే, ఎండ బాగా కాస్తోంది, సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. మావాళ్ళలో ఒకరు దిగారు. తాడు నా చేతిలో ఉంది. కాసేపటికి అది ఒక్కసారిగా బిగుసుకుంది. తర్వాత ఒకటే కుదుపులు. ఏ పద్ధతికీ అందని కుదుపులు. గిలగిల కొట్టుకోవడం తాడులోంచి నా అరచేతుల్లోకి వస్తోంది.

నేను బలమంతా పెట్టి లాగబోయాను. "ఆపు! ఆపు!" అంటూ నిచ్చెనమ్మ నా మణికట్టు పట్టేసింది. మన మాటే, ఆమె గొంతులో. లాగితే వల ఇంకా బిగుస్తుందని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు, కానీ నా చేతులకి తెలియలేదు. ఆమె కత్తి తీసుకుని దూకేసింది. నీటి ఒత్తిడికి చెవులు సర్దుకునే వ్యవధి కూడా ఇచ్చుకోకుండా నిలువునా దిగిపోయింది.

పైకి వచ్చినప్పుడు ఆమె ఎడమ చెవి నుంచి రక్తం కారుతోంది. ఆమె చంకలో మనిషి. మనిషికి చుట్టుకుని వల.

అత్తయ్యా, ఇందాకటి నుంచీ మావాళ్ళలో ఒకరు, మనిషి అని రాసుకొస్తున్నాను. ఆయన మీ అబ్బాయే.

ఒంటికి భయం లేదు. డాక్టరు రెండుసార్లు చూశాడు. మెడ మీద, చేతుల మీద తాళ్ళ వాతలు తేలాయి, మానుతున్నాయి. నేను రాసిన పోయిన ఉత్తరంలో ఆయన రాత రెండు ముక్కలైనా లేదేమని అడిగారు కదా, అందుకు కారణం ఇదే. నిన్నటిదాకా ఆయన మాట్లాడనే లేదు. వంటింట్లో ఉల్లిపాయలు తెచ్చిన వలసంచీ చూసి వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకుని కూలబడ్డారు. నేను మాత్రం ఏం తక్కువ? చెయ్యి కడుక్కుంటుంటే ఇప్పటికీ అరచేతిలో ఆ కుదుపు తెలుస్తోంది.

ఆయన ఒంటి మీంచి కోసిన వలని పడవ మీద పరిచారు. ఎవరిదో తేల్చాలని మూడు తీరాల ఆఫీసర్లూ చుట్టూ చేరారు. వలని తేల్చే బెండ్లు అవతలివాళ్ళవి. అంచు తాడు మూడోవాళ్ళది. మధ్యలో వేసిన మాసికలు మన రేవులో అమ్మే నీలం దారంతో కుట్టినవి. తెగినదాన్ని ఒకరు పారేస్తే ఇంకొకరు అతుకేసుకుని వాడినట్టున్నారు. "ఇప్పుడిది ఎవరిదని రాయమంటారు?" అన్నాడు పడవ నడిపే సరంగు. రోజూ గొంతులు చించుకునే ఆఫీసర్లు కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేసి సంతకాలు పెట్టారు. అవతలివాళ్ళ చెత్త మనకెందుకన్న మీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇంతే.

నిచ్చెనమ్మ ఇక నీళ్ళలో దిగకూడదన్నారు. చెవికి కట్టుతో మా ఇంటికి వచ్చి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని "తిన్నావా?" అంది. ఆమెకి వచ్చిన మాటల్లో పలకరింపు అదొక్కటే. ఆయన తలూపారు. ఆమె వెళ్ళడానికి లేచినప్పుడు ఏడ్చాను నేను, భుజం అందక మోచేతి మీద తల పెట్టి.

ఈ రోజు పొద్దున టీ గ్లాసు చేతికిస్తుంటే ఆయన నోరు విప్పారు.

"సగం వల ఇంకా అక్కడే ఉంది."

"ఉంటే ఉండనివ్వండి" అన్నాను.

"నా పక్కన అందులో ఒక తాబేలుంది. అప్పటికి బతికే ఉంది. నా వైపే చూస్తోంది. నన్ను కోసి తెచ్చారు, దాన్ని వదిలేసి వచ్చాం."

మిగతా వలనీ తీయడానికి మళ్ళీ దిగుతానంటున్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు, సరే అనడానికీ రాలేదు. మీరు వద్దంటే ఆగిపోతారు, అది నాకు తెలుసు. కానీ ఆ మాట కాగితం మీద రాసి పంపకండి. వచ్చి, ఆయన మొహం చూసి చెప్పండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న
పెద్దకోడలు