లిఫ్టు అద్దం ఆయుష్షు పీల్చదని రుజువు కోరుట గురించి

లిఫ్టుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా భవనంలోని లిఫ్టును తమరు స్వయంగా ఎక్కి చూపించవలసిందిగా ప్రార్థన.

ఎనిమిది అంతస్తుల మా భవనంలో లిఫ్టు మెకానిక్కును, అందులోనే ఆరో అంతస్తులో మా అమ్మతో నివసించుచున్న నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. లిఫ్టు మరీ నెమ్మదని అందరూ సణుగుచుండగా లోపల ఒక అద్దం బిగించితిని. మా పనిలో ఇది పాత ఉపాయం. జనం తమ మొహం చూసుకుంటూ ఆలస్యం మరిచిపోతారు. మరిచిపోయారు కూడా.

2. ఆ సంబరంలో భవనం వాట్సాప్ గ్రూపులో, "ఈ అద్దంలో చూసుకున్న ప్రతిసారీ ఒక రోజు ఆయుష్షు పోతుంది" అని రాసి, పక్కన మూడు నవ్వు బొమ్మలు పెట్టితిని. చేతులు మారేసరికి బొమ్మలు రాలిపోయినవి. వారానికల్లా అదే ముక్క "విశ్రాంత శాస్త్రవేత్త వెల్లడి" అనే తలకట్టుతో నాకే తిరిగి వచ్చినది.

3. ప్రస్తుతం రెండో అంతస్తు లెక్కల మాస్టారు, అద్దం వచ్చాక తన జుట్టు ఎంత నెరిసినదో గ్రాఫు గీసి గోడకు అంటించినారు. నాలుగో అంతస్తు డాక్టరమ్మ అద్దానికి వీపు పెట్టి నిలబడుచున్నారు. వీళ్ళ చదువులు తగలబడ. (ఈ మాట కొట్టివేసినట్లు భావించవలెను.)

4. అది నా వేళాకోళమేనని ఒప్పుకొంటిని. లిఫ్టు కంపెనీ నా నోరు మూయించినదని తీర్మానించి నన్ను గ్రూపులోంచి తీసివేసినారు. అద్దం ఊడదీస్తే, ఇప్పుడు గోడే పీల్చుచున్నదన్నారు. చేసేది లేక మళ్ళీ బిగించితిని.

5. అసలు బాధ ఇది. మోకాళ్ళు అరిగి, గుండె బలహీనపడిన మా అమ్మ ఆరు అంతస్తులూ మెట్లెక్కుచున్నది. మొన్న నాలుగో అంతస్తు దగ్గర కూలబడినది. రాసింది నేనేనని కాళ్ళు పట్టుకుంటే తల నిమిరి, "నువ్వు రాయలేదు నాన్నా, నీచేత రాయించారు" అన్నది. చివరకు ఒక్క షరతుకు దిగివచ్చినది: "లిఫ్టులకు పెద్దాఫీసరట కదా, ఆయన అద్దం చూసుకుంటూ ఎక్కితే నేనూ ఎక్కుతా."

కావున తమరు ఒక్కసారి వేంచేసి, ఆమె ఎదుట ఆ పని చేయవలెను. ఇంతమందికి మతి చెడిన చోట తమరొక్కరైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్కు

తా.క.: అర్జీ ఇవ్వడానికి అమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాను. మీ ఆఫీసు లిఫ్టులో అద్దానికి న్యూస్‌పేపరు అంటించి, నాలుగు మూలలా మీ ఆఫీసు ముద్ర వేసి ఉంది. మీరు మెట్ల మీదే వస్తున్నారని గుమాస్తా చెప్పాడు. అమ్మ మీ గది ఐదో అంతస్తులో ఉందని అడిగి తెలుసుకుని, గోడ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. రెండో అంతస్తులో ఆయాసంతో కూర్చుండిపోయింది. పక్కనే మెట్టు మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాసి గుమాస్తా చేత పైకి పంపుతున్నాను. మీ ఆయుష్షు మీద మీకంత తీపి ఉంటే ఉండనీయండి. మా అమ్మది పోకముందు మీరే కిందికి దిగిరండి.