వాగులో దిగబడ్డ శాంతి

ఖమ్మం,
2 జనవరి 2007

రాళ్లవాగు గుంపు సర్పంచ్ శ్రీమతి పాయం జంపక్క గారికి,

రిటైర్డ్ డీఎస్పీ తోమాసు వ్రాయునది. దేవుని కృప వలన మేము క్షేమం. మీరును క్షేమమని తలంచెదను.

పదేళ్ల కిందట నేను మీ ములకలపల్లి ప్రాంతంలో ఎస్సైగా ఉండగా, ఇప్పచెట్ల గురించి మీ గుంపుకును పక్క ఊరైన పాలమడుగు గుంపుకును రాళ్లవాగు వద్ద జరిగిన ఘటన మీకు గుర్తుండే ఉండును. అందులో ఉన్న మీ భర్త దూలయ్య, పాలమడుగు వీరబాబు, మిగిలిన వారందరును ఈ నెల 23న ఉదయం ఖమ్మంలో నా ఎదుట తప్పక హాజరు కావలెను. సాకులు చెప్పరాదు. ఆనాడు వాగులో ఏమి జరిగినదో పెద్దల ముందు చెప్పవలసి ఉండును. ఫోటోలు తీయబడును. మిగతా సంగతి వచ్చిన తర్వాతే తెలియును.

పోస్టు ఆలస్యమగును గనుక కానిస్టేబుల్ చేతికిచ్చి పంపుచున్నాను.

ఇట్లు,
బి. తోమాసు, డీఎస్పీ (రిటైర్డ్)

తా.క.: భోజనం పెట్టకుండా ఎవరినీ వదిలేది లేదు.

---

రాళ్లవాగు గుంపు,
6 జనవరి

డీఎస్పీ తోమాసు సారుకు సర్పంచ్ జంపక్క నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ కానిస్టేబుల్ సైకిల్ దిగి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా చదివాడు. "హాజరు కావలెను" అనే మాట దగ్గరికి వచ్చేసరికి మా గుంపులో మగవాళ్లు ఒక్కరూ లేరు. అడవిలోకి వెళ్లిపోయారు. ఇప్పటికి మూడు రోజులు. పత్తి ఏరేవాళ్లు లేక మేం ఆడవాళ్లమే ఏరుతున్నాం. మా ఆయన దూలయ్యకు అన్నం మోసుకుపోయి గుట్ట దగ్గర చెట్టు కింద పెట్టి వస్తున్నాను. నిన్న దూరం నుంచే అడిగాడు: "కొత్తగూడెం కోర్టు సాలదా, ఇప్పుడు ఖమ్మం గూడనా? ఆ సారు రిటైరై గూడ మమ్ముల ఇడిసిపెట్టడా?"

నేను కూడా అదే అడుగుతున్నాను. రిటైరైన పోలీసుకు మనుషులను పిలిపించే అధికారం ఉంటుందా? ఉంటే ఏ చట్టంలో ఉందో రాయండి. ఫోటోలు ఎందుకు? పలక పట్టుకుని నిలబెట్టే ఫోటోలేనా? నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివాను. సర్పంచ్‌గా ప్రమాణం చేశాను. నన్ను బెదిరించడం కుదరదు.

ఇట్లు,
పాయం జంపక్క

తా.క.: భోజనం అంటే జైలు భోజనమే అని మా ఆయన గట్టిగా నమ్ముతున్నాడు. ఆ కూర తనకు పడదట.

---

ఖమ్మం,
9 జనవరి

జంపక్క గారికి,

మీ ఉత్తరం చదివి నా బీపీ పెరిగింది. నేను పంపింది సమన్లు కాదు. ఆహ్వానం! ఇరవై మందికి పైగా మనుషులను సన్మాన సభకు పిలిస్తే అడవిలోకి పారిపోవడం ఎక్కడైనా ఉందా?

ముందే చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఇక దాపరికం లేదు. విదేశాల్లో పెద్ద కార్యాలయం ఉన్న 'ప్రపంచ సామరస్య సమితి' వారు నా పోలీసు జీవితమంతా పరిశీలించి, నాకు అంతర్జాతీయ శాంతి పురస్కారం ప్రకటించారు. స్వీడన్ నుంచి ఇద్దరు అతిథులు వస్తున్నారు. ప్రశంసాపత్రంలో మొదటి వాక్యమే మీ వాగు గురించి: "రెండు గ్రామాల ప్రజలు గొడ్డళ్లు, విల్లంబులతో ఎదురెదురుగా నిలిచిన వేళ, ఈ అధికారి ఒంటరిగా ప్రవాహం మధ్యలో నిలబడి, ఒక్క తూటా పేల్చకుండా, ఒక్క మనిషిని నొప్పించకుండా శాంతిని స్థాపించెను."

ఆ శాంతిని అనుభవిస్తున్న వారిగా మీరు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాలి. అంతే. మగవాళ్లను అడవిలోంచి వెంటనే పిలిపించండి. అతిథులు అడిగితే "పోలీసులంటే భయపడి అడవిలో ఉన్నారు" అని చెప్పమంటారా?

కొత్తగూడెం కోర్టు అని ఏదో రాశారు. అది నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
తోమాసు

తా.క.: కూర మాంసం కూరే. దూలయ్యకు చెప్పండి.

---

రాళ్లవాగు గుంపు,
12 జనవరి

తోమాసు సారుకు,

మాంసం కూర అనగానే మగవాళ్లంతా ఇళ్లకు వచ్చారు. మీ ప్రశంసాపత్రం వాక్యం అందరికీ చదివి వినిపించాను. దూలయ్య మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ మాటలన్నీ ఉత్తరంలో రాయలేను.

సారూ, మీరు ప్రవాహం మధ్యలో నిలబడలేదు. మీ జీపు ప్రవాహం మధ్యలో దిగబడింది. మీరు లోపలే కూర్చుని హారన్ కొట్టారు. నీళ్లు సీటు దాకా వస్తుంటే మా ఆయనే ముందు దిగాడు. అటు ఒడ్డు నుంచి వీరబాబన్న, "ఓరి, ఎస్సై మునుగుతుండు! గొడ్డలి ఆడ పడేసి రా!" అని అరిచాడు. రెండు గుంపులవాళ్లూ చెయ్యి వేసి నెట్టారు. బయటికి వచ్చేసరికి అందరికీ ఒకటే బురద. ఎవరు ఏ గుంపో తెలియలేదు. అలసిపోయి అక్కడే కూర్చున్నారు, బీడీలు పంచుకున్నారు. ఇప్పచెట్లు చెరి సగం అనుకున్నారు. మీరు బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయారు.

అంతవరకైతే నేనే వచ్చి మీ మెడలో దండ వేసేదాన్ని. కానీ ఆ రాత్రే మీరు కేసు పెట్టారు! జీపు నెట్టిన వాళ్లందరి మీద! ప్రభుత్వ వాహనాన్ని చుట్టుముట్టి చేతులు వేశారట, మీ విధులకు అడ్డుపడ్డారట. ఆ కేసు ఇప్పటికీ నడుస్తోంది. పదేళ్ల నుంచి మా వాళ్లు వాయిదాలకు కొత్తగూడెం తిరుగుతున్నారు. పోకపోతే వారెంటు. విత్తనాలు వేసే రోజున వాయిదా, మా అత్త చనిపోయిన మరునాడు వాయిదా. ఎందుకు తెగదు అంటే వకీలు ఒకటే చెప్తాడు: "మొదటి సాక్షి రాలేదు." ఆ మొదటి సాక్షి ఎవరో తెలుసా? మీరే.

మీరు స్థాపించిన శాంతి ఏదీ ఇక్కడ లేదు. ఒకే బస్సులో, ఒకే వరండాలో పదేళ్లు పక్కపక్కన కూర్చుని మావాళ్లూ పాలమడుగు వాళ్లూ చుట్టాల్లాంటి వాళ్లయ్యారు. ఆ శాంతి తెచ్చింది వాయిదాలు. పురస్కారం ఇవ్వాలంటే ఆ బస్సుకు ఇవ్వమనండి.

ఇట్లు,
కోపంతో,
జంపక్క

తా.క.: మీ కానిస్టేబుల్ ఈసారి ఉత్తరం చదవకుండా ఇచ్చి వెళ్లిపోయాడు. సైకిల్ ఎక్కాక నవ్వాడు. నేను చూశాను.

---

ఖమ్మం,
15 జనవరి

సర్పంచ్ గారికి,

ఇది పద్ధతి కాదు. జీపు దిగబడలేదు. వ్యూహాత్మకంగా ఆపబడింది. హారన్ కొట్టింది ఇరుపక్షాలను హెచ్చరించడానికి.

కేసు సంగతి. నేను తడిసి, జలుబుతో వణుకుతూ స్టేషన్‌కు వచ్చాను. కేసు రాసింది అక్కడ రాతపని చూసే రైటర్. జీపుకు డెంట్లు పడితే దానికి కారణం చూపించాలి కదా, అందుకు రాశాడు. నేను సంతకం పెట్టాను. ఆ మరుసటి నెలే నాకు బదిలీ. తర్వాత మణుగూరు, ఆ తర్వాత ఇంకెక్కడెక్కడో. సమన్లు ఏ స్టేషన్‌కు వచ్చాయో, ఎవరు తీసుకున్నారో నాకేం తెలుసు? ఒకటి రెండు వచ్చిన మాట నిజం. అప్పుడు మంత్రుల బందోబస్తు ఉంది. బందోబస్తు వదిలేసి వాగు కేసుకు సాక్ష్యం చెప్పమంటారా? కేసు ఎప్పుడో కొట్టేసి ఉంటారనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు!

నాతో పాటు రిటైరైన ఒకాయనకు ఈ పురస్కారం రాలేదని కడుపుమంట. ఆయనే మీ చేత రాయిస్తున్నాడని నా అనుమానం. పేరు చెప్పండి. లేదంటే 23న వచ్చి, నా గురించి చెడ్డగా కాకపోయినా, కనీసం ఏమీ మాట్లాడకుండా వేదిక మీద కూర్చోండి.

ఇట్లు,
తోమాసు

తా.క.: నా భార్య సంపూర్ణ మీ ఉత్తరం చదివింది. నాకు అన్నం వడ్డించలేదు. గిన్నె ముందు పెట్టి "వ్యూహాత్మకంగా తిను" అని ప్రార్థన కూటానికి వెళ్లిపోయింది.

---

రాళ్లవాగు గుంపు,
18 జనవరి

తోమాసు సారుకు,

నా చేత ఎవరూ రాయించరు. నాకు చేతులున్నాయి.

మీ సభకు మేం రాలేం. మీ మీద కోపంతో మాత్రమే కాదు. 23వ తేదీనే మావాళ్లకు వాయిదా ఉందని నిన్న వకీలు కబురు పంపాడు. మీ ముందు హాజరైతే కోర్టులో వారెంటు, కోర్టులో హాజరైతే మీ వేదిక ఖాళీ. వీరబాబన్న ఈ మాట విని అన్నాడు: "గిదేంది జంపక్కా, ఆయనకు శాంతి, మనకు వారెంటా?" ఆయనకు మోకాళ్లు పోయాయి. బస్సు మెట్లు ఎక్కలేడు. దూలయ్య ఆయన్ని ఎత్తి ఎక్కిస్తాడు. ఒకప్పుడు ఆ ఇద్దరే వాగు దగ్గర ఒకరి మీద ఒకరు గొడ్డలి ఎత్తింది.

మీరు మంచివారో చెడ్డవారో నేను చెప్పలేను. తూటా పేల్చలేదు, నిజమే. వేరే ఎస్సై అయితే పేల్చేవాడేమో. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. కానీ పేల్చని తూటా కంటే మీరు పెట్టిన సంతకమే మమ్మల్ని ఎక్కువ రోజులు బాధపెట్టింది. ఆ మాట కూడా చెప్తాను.

ఇక రాయకండి. నాకు గ్రామసభ పనులున్నాయి.

ఇట్లు,
జంపక్క

తా.క.: సంపూర్ణమ్మ గారికి నా ప్రత్యేక నమస్కారాలు.

---

ఖమ్మం,
25 జనవరి

జంపక్క గారికి,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను. నాకు పట్టరాని కోపంగా ఉంది, అది ఎవరితోనైనా చెప్పుకోవాలి.

దూలయ్య చెప్పే ఉంటాడు. 23న నేను సభకు వెళ్లలేదు. కొత్త సూట్ వేసుకుని బయల్దేరాను. బైపాస్ దగ్గర డ్రైవర్‌ను కొత్తగూడెం వైపు తిప్పమన్నాను. ఎందుకన్నానో నాకూ తెలియదు. ముందురోజు రాత్రి ఉపన్యాసం చదువుకుంటుంటే "ప్రవాహం మధ్యలో" అన్న చోట ప్రతిసారీ ఆగిపోయి మీ ఉత్తరం తీసి చదివాను. బహుశా అందుకే.

కోర్టు వరండాలో మీవాళ్లు నన్ను చూసి లేచి నిలబడ్డారు. వీరబాబు కూడా లేవబోయాడు. కూర్చోమన్నాను.

పిలుపు వచ్చింది. బోను ఎక్కాను. ప్రాసిక్యూటర్ కుర్రాయన. ఈ కేసు మొదలైనప్పుడు స్కూల్లో ఉండి ఉంటాడు.

"ముద్దాయిలంతా జీపును చుట్టుముట్టి చేతులు వేశారని మీరే ఫిర్యాదు చేశారు. నిజమేనా?"

"నిజమే. నెట్టడానికి వేశారు."

"మీ విధులకు ఆటంకం కలిగించారా?"

"లేదు. నేను మునిగిపోవడానికి ఆటంకం కలిగించారు."

మేజిస్ట్రేట్ గారు కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. "అయితే ఈ సంతకం?" అని అడిగారు. "నాదే. చదవకుండా పెట్టాను" అన్నాను. గుమాస్తా ఒక్కో అక్షరం రాసుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా మాటను ఇంత శ్రద్ధగా ఎవరూ రాసుకోలేదు.

ఇక అసలు కోపం ఇప్పుడు వినండి. ఆ ప్రాసిక్యూటర్ లేచి, ఈ సాక్షి మాకు ఎదురు తిరిగాడు, ఇతన్ని 'హోస్టైల్' అని ప్రకటించాలి అన్నాడు. హోస్టైల్ అంటే శత్రువైన సాక్షి! ప్రకటించారు కూడా! స్వీడన్ నుంచి మనుషులు వచ్చి నాకు శాంతి పురస్కారం ఇవ్వాల్సిన రోజున, అదే పూటకు, ప్రభుత్వం నన్ను శత్రువు అని కాగితం మీద రాసుకుంది! ఈ దేశంలో నిజం చెప్పినవాడికి ఇచ్చే బిరుదు ఇదేనా?

సాయంత్రం తీర్పు. కేసు కొట్టివేశారు. దూలయ్య అక్కడే నిలబడి, "మల్ల వాయిదా ఎప్పుడు సారూ?" అని నన్నే అడిగాడు. "లేదు. అయిపోయింది. ఇంటికి పో" అన్నాను. వినపడనట్టు మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. అప్పుడు వెళ్లి వీరబాబు పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆఖరి బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరూ లేవలేదు. నేను సూట్‌తోనే వీరబాబుకు రెండో వైపు చెయ్యి వేసి బస్సు ఎక్కించాను. చాలా బరువున్నాడు.

ఇట్లు,
తోమాసు

తా.క.: పురస్కారం మా ఇంటికే వచ్చింది. నేను కనపడకపోయేసరికి సమితి వారు ముందే వచ్చి కూర్చున్న సంపూర్ణను వేదిక ఎక్కించి, "ఈ శాంతిదూత గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారట. "ఆయన అరుస్తాడు. నేను ఊరుకుంటాను. శాంతి అంటే అదే" అని చెప్పి షీల్డు తీసుకుందట. స్వీడన్ వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇప్పుడు ఆ షీల్డు మీద నా పేరు కొట్టేసి ఆమె పేరు చెక్కిస్తామని సమితి వారు ఉత్తరం రాశారు. ఇంట్లో ఇప్పుడు ఆ శాంతే నడుస్తోంది, నాతో ఎవరూ మాట్లాడడం లేదు. మీరైనా జవాబు రాయండి.